చెరకు పర్మిట్టు, సర్వరు పర్మిషను
ఆటోమేషన్ సాఫ్ట్‌వేరును వీసెంటరుకు కలిపే పద్ధతిపై ఒక పాఠం



బోధన్, ఎడపల్లి, రెంజల్, వర్ని వైపు ఊళ్లలో పుట్టి పెరిగినవాళ్లకు చెరకు పర్మిట్టు అంటే ఏమిటో విడమర్చి చెప్పనక్కరలేదు. తక్కినవాళ్ల కోసం రెండు మాటలు. మంజీర మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీళ్లు ఈ నేలకు చెరకును తెచ్చాయి. ఆ చెరకును నమ్ముకొని 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. వేల ఎకరాల పంట ఒకే గేటుకు రావాలి. నరికిన చెరకు ఎండలో పడి ఉంటే బరువూ తగ్గుతుంది, తీపీ తగ్గుతుంది. అందుకని చెరకు ఫ్యాక్టరీల పద్ధతిలో రైతు తనకు తోచిననాడు చెరకు కొట్టడానికి లేదు. పంట ముందుగా రిజిస్టరులో ఎక్కాలి. ఫలానా రైతు, ఫలానా చెలక, ఫలానా తేదీ అని రాసిన పర్మిట్టు రావాలి. అది చూపిస్తేనే బండి కాంటా ఎక్కుతుంది.

నేను చెప్పబోయేది నిజానికి చెరకు సంగతి కాదు, కంప్యూటర్ల సంగతి. ఈ కాలేజీలో చదువుకొని సర్వర్ల నిర్వహణ పనిలో పడ్డవాణ్ణి. ఆటోమేషన్ సాఫ్ట్‌వేరును వర్చువలైజేషన్ సర్వరుకు కలపడం ఎట్లాగో చెప్పమని కొత్తగా ఉద్యోగాల్లో చేరిన మన పిల్లలు తరచు అడుగుతుంటారు. కలపడం పది లైన్ల పని. కాని ఆ పది లైన్ల గుండా ఎంత అధికారం ప్రవహిస్తుందో తెలుసుకోవడమే అసలు చదువు. ఆ అధికారాన్ని పర్మిట్టులాగా కొలిచి ఇవ్వాలన్నదే ఈ వ్యాసం సారాంశం.

వర్చువలైజేషన్ అంటే

ఒక పెద్ద కంప్యూటరును సాఫ్ట్‌వేరు సాయంతో విభజించి, ఒక్కొక్క భాగం వేరే కంప్యూటరులా పనిచేసేట్టు చూడడమే వర్చువలైజేషన్. ఈ భాగాన్ని వర్చువల్ మెషీన్ అంటాం. ఆలోచన కొత్తది కాదు. ఐబీఎం కంపెనీ 1972లోనే వీఎం/370 అనే వ్యవస్థను ప్రకటించింది. ఏ యంత్రాన్నయినా ఇట్లా విభజించాలంటే దానికి ఏ లక్షణాలు ఉండాలో పోపెక్, గోల్డ్‌బర్గ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1974లో సూత్రీకరించారు. మామూలు ఇంటెల్ యంత్రాల మీద ఈ విద్యను వ్యాపారంగా నిలబెట్టింది 1998లో అమెరికాలో పుట్టిన వీఎంవేర్ సంస్థ. 2001లో వచ్చిన ఈఎస్‌ఎక్స్ సర్వరు, దాని వారసుడైన ఈఎస్‌ఎక్స్‌ఐ, నేరుగా యంత్రం మీదే నడుస్తాయి. అట్లాంటి యంత్రాన్ని హోస్టు అంటారు.

హోస్టు ఒకటైతే ఒకరు చూసుకోగలరు. పది, ఇరవై అయితే? అందుకోసం 2003లో వర్చువల్‌సెంటర్ అనే పర్యవేక్షక సర్వరు వచ్చింది. అదే నేటి వీసెంటర్. హోస్టులన్నీ దీని కింద ఉంటాయి. ఏ మెషీన్ ఎక్కడ నడుస్తున్నది, ఎవరికి ఏ హక్కు ఉన్నది, ఏ డిస్కులో ఎంత చోటు మిగిలింది, అన్నీ దీని లెక్కలోనే. మన పోలికలో చెప్పాలంటే హోస్టులు చెరకు పిండే మిల్లులు, వీసెంటర్ పర్మిట్లు రాసే ఆఫీసు. వీస్ఫియర్ 7 నుంచి ఒక్క వీసెంటర్ కింద 2,500 హోస్టుల దాకా పెట్టవచ్చు. ఇంత పెద్ద ఆఫీసు తాళంచెవి ఒక స్క్రిప్టు చేతిలో పెడుతున్నామంటే కొంచెం ఆగి ఆలోచించవలసిందే కదా!

ఆటోమేషన్ ఎందుకు?

ఒక ఉదాహరణ తీసుకుందాం. ప్రాక్టికల్ పరీక్షకు 30 మంది విద్యార్థులకు 30 మెషీన్లు కావాలి. చేత్తో చేస్తే ఒక్కొక్క దానికి టెంప్లేటు ఎంచాలి, పేరు పెట్టాలి, డిస్కు చూపాలి, నెట్‌వర్కు చూపాలి. ముప్పయ్యోది చేసేసరికి కళ్లు మసకబారి, పన్నెండోదానికి పెట్టిన పేరే మళ్లీ పెడతాం. ఈ పనిని కాగితం మీద ఒకసారి శుభ్రంగా రాసి యంత్రానికి అప్పగించడమే ఆటోమేషన్.

దీనికి సాధనాలు చాలా ఉన్నాయి. పవర్‌షెల్ తెలిసినవారికి పవర్‌సీఎల్‌ఐ, పైథాన్ తెలిసినవారికి వీఎంవేర్ సంస్థే 2013లో బహిరంగపరచిన పైవీమోమి లైబ్రరీ, 2012లో మైకేల్ డిహాన్ మొదలుపెట్టిన యాన్సిబుల్. పేరు ఏదైనా లోపల జరిగేది ఒకటే. సాఫ్ట్‌వేరు వీసెంటర్ తలుపు తట్టి, ‘నేను ఫలానా, నాకు ఈ పని చేసిపెట్టు’ అంటుంది. ఆ తలుపు పేరు ఏపీఐ. అది 443 నంబరు పోర్టు మీద హెచ్‌టీటీపీఎస్ భాషలో మాట్లాడుతుంది. ఇక ఈ సంభాషణను మెట్టుమెట్టుగా చూద్దాం.

మొదటి మెట్టు: ఎదుటివాడు ఎవడు?

మనం ఎవరో చెప్పుకొనే ముందు, అవతల ఉన్నది నిజంగా మన వీసెంటరేనా అని తేల్చుకోవాలి. ఇది సర్టిఫికెట్ పని. 2015లో వచ్చిన వీస్ఫియర్ 6 నుంచి వీసెంటర్‌లోనే సొంతంగా సర్టిఫికెట్లు జారీచేసే విభాగం ఉంది. అయితే ఆ జారీ చేసినవాడు ఎవడో మన ఆటోమేషన్ యంత్రానికి తెలియదు. అందుచేత మొదటిసారి కలిపినప్పుడు ‘ఈ సర్టిఫికెట్టును నమ్మలేను’ అని మొరాయిస్తుంది.

ఇక్కడే నూటికి తొంభైమంది దొడ్డిదారి పడతారు. యాన్సిబుల్‌లో వాలిడేట్ సర్ట్స్ అనే చోట ‘వద్దు’ అని రాసేస్తారు. ఎర్ర అక్షరాలు మాయం, పని జరిగిపోయింది, సంతోషం! కాని దాని అర్థమేమిటి? గేటు దగ్గర ఎవడు నిలబడి ‘నేనే ఫ్యాక్టరీ గుమాస్తాను’ అన్నా బండి వానికే అప్పగించమని చెప్పినట్టు. మన యూజరు పేరు, పాస్‌వర్డు ఆ దారినే పోతాయి. మధ్యలో ఎవడైనా వీసెంటర్ వేషం వేసుకొని కూర్చుంటే రెండూ వాని చేతికే చిక్కుతాయి.

సరైన దారి కష్టమైనదేమీ కాదు. వీసెంటర్ మొదటి పేజీలోనే దాని మూల సర్టిఫికెట్లను దింపుకొనే లింకు ఉంటుంది. వాటిని దింపుకొని, నిర్వాహకుని దగ్గర సరిచూసుకొని, ఆటోమేషన్ యంత్రం నమ్మకస్థుల జాబితాలో చేర్చాలి. ఆపైన వీసెంటరును ఐపీ నంబరుతో కాక, సర్టిఫికెట్టులో రాసి ఉన్న పూర్తి పేరుతోనే పిలవాలి. రెండు యంత్రాల గడియారాలూ ఒకే సమయం చూపాలి. గడియారం బాగా వెనకబడితే నిన్న జారీ అయిన సర్టిఫికెట్టు కూడా ఇంకా పుట్టలేదనిపిస్తుంది. ఇదంతా ఒకసారి చేసే పని. తర్వాత ఏళ్ల తరబడి దీని ఊసే ఎత్తక్కరలేదు.

రెండో మెట్టు: మనమెవరం?

వీసెంటర్ పెట్టినప్పుడు దానితోపాటే అడ్మినిస్ట్రేటర్ ఖాతా ఒకటి పుడుతుంది. దానికి అన్ని హక్కులూ ఉంటాయి. స్క్రిప్టులో ఆ పేరే రాసేవాళ్లు కోకొల్లలు. అట్లా రాస్తే రెండు చిక్కులు. మొదటిది, రేపు లాగు పుస్తకం తెరిచి చూస్తే ఒక మెషీన్‌ను మనిషి ఆపాడా, స్క్రిప్టు ఆపిందా తెలియదు. రెండోది, స్క్రిప్టు ఫైలు చేజారితే సంస్థ మొత్తం చేజారినట్టే.

కాబట్టి స్క్రిప్టుకు దాని సొంత ఖాతా ఉండాలి. మరో సంగతి గుర్తుంచుకోండి. వీసెంటర్ సొంత డొమైన్‌లోని ఖాతాల పాస్‌వర్డుకు మామూలుగా 90 రోజుల గడువు ఉంటుంది. మూడు నెలలు చక్కగా నడిచిన రాత్రి పని ఒకనాడు హఠాత్తుగా ఆగిపోయిందంటే చాలాసార్లు కారణం ఇదే. అంతేకాదు, మూడు నిమిషాల్లో ఐదుసార్లు తప్పు పాస్‌వర్డు పడితే ఖాతాకు ఐదు నిమిషాలు తాళం పడుతుంది. విఫలమైన ప్రతిసారీ వెంటనే మళ్లీ ప్రయత్నించే స్క్రిప్టు తన తలుపుకు తానే తాళం వేసుకుంటుందన్నమాట. గడువు తేదీని క్యాలెండరులో రాసుకోవాలి. పాస్‌వర్డును స్క్రిప్టులో పచ్చిగా రాయరాదు. యాన్సిబుల్ వాల్ట్ వంటి గుప్తపేటికలో దాచాలి.

మూడో మెట్టు: మనకు ఏమేమి చెల్లుతుంది?

అసలు పర్మిట్టు ఇది. వీసెంటర్‌లో హక్కును మూడు ముక్కలుగా రాస్తారు: ఎవరు, ఏ పని, ఏ చోట. పనుల మూటకు రోల్ అని పేరు. ఆ రోల్‌ను ఒక ఖాతాకు, ఒక ఫోల్డరు దగ్గర తగిలిస్తే అది పర్మిషన్ అవుతుంది. ఆ ఫోల్డరు కిందివాటికి కూడా పాకాలా వద్దా అన్నది మనమే చెప్పాలి.

కొత్తవారిని తికమక పెట్టేది ఒకటుంది. టెంప్లేటు నుంచి మెషీన్ చేయాలంటే ఒక్క చోట హక్కు చాలదు. టెంప్లేటు దగ్గర దాన్ని వాడుకొనే హక్కు, చేరబోయే ఫోల్డరు దగ్గర కొత్తది సృష్టించే హక్కు, రిసోర్స్ పూల్ దగ్గర మెషీన్‌ను చేర్చే హక్కు, డేటాస్టోర్ దగ్గర చోటు తీసుకొనే హక్కు, నెట్‌వర్కు దగ్గర దాన్ని తగిలించుకొనే హక్కు, ఇన్నీ కావాలి. ఇందులో ఒకటి తగ్గినా ‘నీకు అనుమతి లేదు’ అంటుంది. నాలుగుసార్లు అట్లా అనిపించుకొని విసిగిపోయినవాడు అడ్మినిస్ట్రేటర్ రోల్ ఇచ్చేసి ఇంటికి పోతాడు. నేను చూసిన చాలా చోట్ల పెద్ద హక్కులు ఇట్లాగే వచ్చి చేరాయి. విసుగులో ఇచ్చిన హక్కును తిరిగి తీసుకొనే తీరిక తర్వాత ఎవరికీ ఉండదు.

అందుకని ఒక్కొక్క తిరస్కారాన్ని పాఠంగా తీసుకోండి. ఏ హక్కు లేదో సందేశంలోనే చాలాసార్లు ఉంటుంది. అదొక్కటే చేర్చండి, మళ్లీ నడపండి. చివరికి చేతిలో మిగిలే జాబితా మీ స్క్రిప్టుకు సరిగ్గా కొలిచి కుట్టిన అంగీలా ఉంటుంది. పరీక్ష మెషీన్ల స్క్రిప్టుకు పరీక్ష ఫోల్డరు మీదే హక్కు. మార్కుల మెషీన్ ఉన్న ఫోల్డరు దానికి కంటికి కూడా కనిపించకూడదు. తొలగించే హక్కు మొదట్లో ఇవ్వనే వద్దు.

ఇది ఉత్త భయమని కొట్టిపారేయకండి. 2023 సెప్టెంబరులో అమెరికాలోని లాస్ వెగాస్‌లో ఎంజీఎం హోటళ్ల మీద సైబరు దాడి జరిగింది. నూటికి పైగా ఈఎస్‌ఎక్స్‌ఐ హోస్టులకు తాళం వేశామని దాడి చేసినవారే ప్రకటించుకున్నారు. వాళ్లు తలుపులు పగలగొట్టి రాలేదు. హెల్ప్‌డెస్కును మాటలతో నమ్మించి లోపలికి దూరారని వార్తలు వచ్చాయి. పెద్ద హక్కులున్న ఒక్క ఖాతా పరాయి చేతిలో పడితే ఎన్ని మెషీన్లున్నా ఒకే వేటు.

నాలుగో మెట్టు: చీటీ చేతికి రావడం, పని కావడం ఒకటి కాదు

లాగిన్ కాగానే వీసెంటర్ ఒక సెషన్ ఇస్తుంది. అరగంట పాటు దాన్ని వాడకుండా ఉంటే మామూలుగా అది చెల్లిపోతుంది. పని కాగానే లాగౌట్ కావడం మర్యాద. ఐదు నిమిషాలకోసారి లోపలికి వచ్చి, బయటికి పోకుండా వదిలేసే స్క్రిప్టుల వల్ల సెషన్లు పేరుకుపోయి సర్వరుకు బరువవుతాయి.

మొదటిరోజే పనులు చేయించవద్దు. చదవడంతో ప్రారంభించండి. ఉన్న మెషీన్ల జాబితా అడిగి చూడండి. అప్పుడొక సంగతి బయటపడుతుంది. ప్రతి మెషీన్‌కు మనం పెట్టిన పేరు ఒకటి, వీసెంటర్ తానుగా ఇచ్చిన వీఎం-42 వంటి గుర్తింపు మరొకటి. పేరును ఎవరైనా మార్చవచ్చు. వేర్వేరు ఫోల్డర్లలో ఒకే పేరు రెండుసార్లు ఉండనూవచ్చు. ఊళ్లో నలుగురు గంగారాములుంటే ఇంటిపేరు, సర్వే నంబరు అడగమా? అట్లాగే పని మొదలుపెట్టే ముందు పేరుతో వెతికి, ఒక్కటే దొరికిందని నిర్ధారించుకొని, ఆ తర్వాత గుర్తింపుతోనే పని నడపాలి.

ఇక పని చెప్పినప్పుడు వీసెంటర్ ఫలితం ఇవ్వదు, టాస్క్ అనే చీటీ ఇస్తుంది. ఆ చీటీకి నాలుగు దశలు: వరుసలో ఉంది, నడుస్తోంది, అయింది, తప్పింది. ‘క్లోన్ చేయి’ అనగానే చీటీ వస్తుంది. క్లోన్ కావడానికి నిమిషాలు పడుతుంది. చీటీ చూసి పనైపోయిందనుకొని తర్వాతి పనికి దిగిన స్క్రిప్టు, ఇంకా పుట్టని మెషీన్‌ను స్టార్టు చేయబోయి బోర్లా పడుతుంది. పర్మిట్టు చేతికి వచ్చినంత మాత్రాన పైసలు వచ్చినట్టు కాదు గదా! బండి కాంటా దాటాలి, తూకం రాయాలి. స్క్రిప్టు కూడా చీటీ పట్టుకొని చివరి రెండు దశల్లో ఒకటి వచ్చేదాకా నిలబడాలి. ‘తప్పింది’ అంటే ఆగి, కారణం రాసిపెట్టాలి.

యాన్సిబుల్ వంటి సాధనాలు ఇంకో మంచి గుణం నేర్పుతాయి. ‘మెషీన్ తయారుచేయి’ అనడానికి బదులు ‘ఈ పేరుగల మెషీన్ ఉండాలి’ అని రాస్తాం. ఉంటే ఊరుకుంటుంది, లేకపోతే చేస్తుంది. పొరపాటున రెండుసార్లు నడిపినా ముప్పై మెషీన్లు అరవై కావు.

స్నాప్‌షాట్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పని ముందు స్నాప్‌షాట్ తీసుకోవడం మంచి అలవాటే. కాని అది బ్యాకప్ కాదు. మార్పులన్నీ అందులో చేరి అది ఉబ్బుతూనే పోతుంది, డిస్కు నిండితే మెషీన్ ఆగిపోతుంది. ఒక స్నాప్‌షాట్‌ను 72 గంటలకు మించి ఉంచవద్దని వీఎంవేర్ సంస్థే సలహా ఇచ్చింది. తీసే స్క్రిప్టు రాసినవారే తొలగించే స్క్రిప్టు కూడా రాయాలి.

సాధన ఎక్కడ?

‘సార్, మాకు సర్వరు ఏది?’ అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. వీసీసిమ్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఒకటుంది. అది మామూలు ల్యాప్‌టాప్‌లో వీసెంటర్ వేషం వేస్తుంది. నడపగానే డీసీ0 అనే డేటాసెంటరు, కొన్ని హోస్టులు, నాలుగు వర్చువల్ మెషీన్లు ఉన్నట్టే చూపిస్తుంది. జాబితా చదవడం, మెషీన్‌ను ఆపడం, నడపడం, టాస్క్ చీటీ కోసం కాచుకోవడం అన్నీ దాని మీద సాధన చేయవచ్చు. పాడయితే మూసి మళ్లీ తెరిస్తే సరి. హక్కుల పరీక్షకు మాత్రం అది చాలదు. దానికి నిజమైన సర్వరు కావలసిందే. నిజామాబాద్‌లో 2023లో ఐటీ హబ్ తెరిచారు. 2006లో స్థాపించిన తెలంగాణ విశ్వవిద్యాలయం డిచ్‌పల్లిలో ఉన్నది. హైదరాబాద్ పోతే తప్ప ఈ విద్య రాదన్న మాట ఇక మనం అనరాదు.

ఒకే గేటును నమ్ముకుంటే

చివరగా ఒక మాట. బోధన్ ఫ్యాక్టరీని 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి మార్చారు. 2015 డిసెంబరులో అది మూతపడింది. రిజిస్టర్లు, కాంటాలు, అలవాటైన దారులు ఒక్కసారిగా దేనికీ కొరగాకుండా పోయాయి. కాని చెరకు పండించే విద్య రైతు చేతిలోనే ఉన్నది. కొందరు దూరపు ఫ్యాక్టరీలకు తోలారు, కొందరు వరికి మళ్లారు. నేలను, నీటిని ఎరిగినవాడు నిలదొక్కుకున్నాడు.

సాఫ్ట్‌వేరు లోకమూ ఇందుకు భిన్నం కాదు. 2023 నవంబరులో వీఎంవేర్‌ను బ్రాడ్‌కామ్ సంస్థ కొనుగోలు చేసింది. ఆ మరుసటి నెలలోనే ఒకసారి కొని ఎప్పటికీ వాడుకొనే లైసెన్సుల అమ్మకం ఆపి, చందా పద్ధతికి మార్చింది. ఎన్నో సంస్థలు ప్రాక్స్‌మాక్స్ వంటి ఇతర వ్యవస్థలవైపు చూడసాగాయి. అక్కడ పోర్టు 8006, పాస్‌వర్డుకు బదులు గడువుతో కూడిన ఏపీఐ టోకెన్ వాడవచ్చు. కాని ప్రశ్నలు అవే: అవతలివాడు ఎవడు? నేనెవరిని? నాకు ఏ చోట ఏ పని చెల్లుతుంది? ఎప్పటిదాకా? పని నిజంగా అయిందా? బటన్లు నేర్చినవాడు గేటు మారగానే దారి తప్పుతాడు. ఈ ఐదు ప్రశ్నలు నేర్చినవాడు ఏ గేటు దగ్గరైనా తన బండి తోలుకోగలడు.

మిత్రులారా, రేపు మీలో చాలామంది బ్యాంకుల, ఆసుపత్రుల, విశ్వవిద్యాలయాల సర్వర్ల ముందు కూర్చుంటారు. అక్కడి ఒక్కొక్క మెషీన్ వెనుక ఎవరిదో జీతం, ఎవరిదో వైద్యం, ఎవరిదో మార్కుల పత్రం ఉంటుంది. పని త్వరగా కావాలని పైవారు తొందరపెడతారు. సర్టిఫికెట్ తనిఖీ తీసేయమంటారు, అడ్మిన్ ఖాతా వాడేయమంటారు. అప్పుడు ఆ ఐదు ప్రశ్నలు ఒక కాగితం మీద రాసి, ప్రతిదాని ఎదుట జవాబు నింపి, సంతకం చేయించుకొని పని మొదలుపెట్టండి. అదే మీ స్క్రిప్టుకు పర్మిట్టు. దానికి పట్టేది ఒక గంట. అది ఉన్నచోట ఒక స్క్రిప్టు దారి తప్పినా ఒక ఫోల్డరుతోనే ఆగుతుంది.